పటుక్కుమన్న గింజ

సోమవారం

నన్ను పటుక్కమ్మ అంటారు. కాగితాల్లో ఇంకో పేరుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు కాబట్టి దానికీ నాకూ ఇప్పుడు సంబంధం లేదు. వయసు డెబ్బై దాటి చాలా దూరం వచ్చాను, ఎనభై ఇంకా అందలేదు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, ఎవరి మాటా వినని ఒక పిల్లి. ఆయన పోయిన దగ్గర్నుంచి చేను చూసుకునేది కొడుకని ఊళ్ళోవాళ్ళు అనుకుంటారు. కొడుకూ అలాగే అనుకుంటాడు. అనుకోనీ.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. ఈ ఆదివారం కాక ఆ పై ఆదివారం రైతు సంఘంలో నా ఫిర్యాదు విచారణకు వస్తుంది. ఆ రోజు నా మాట అటూ ఇటూ అయితే ముసలిదానికి మతి తప్పిందంటారు. అందుకని ఏ రోజు మాట ఆ రోజే మూట కట్టి పెట్టుకుంటున్నాను. కోడలు రాసింది రాసినట్టు నాకు చదివి వినిపించాలి. తనకు నచ్చని మాట వస్తే దగ్గకూడదు.

నా ఫిర్యాదు ఇది. మా చేలో గోధుమ ఇంకా పాల మీద ఉండగానే మబ్బు అనేవాడు కలుపు మందు కొట్టి గింజను పాడు చేశాడు. వాడికిచ్చిన మందు పంపును సంఘం వెనక్కి తీసుకోవాలి. ఇంకొకరి చేలో వాడు కాలు పెట్టకూడదు.

మబ్బు పరాయివాడు కాదు. మా ఆయన అక్క కొడుకు. పంపు వీపున వేసుకుని చేలో దిగితే చుట్టూ తెల్లగా తుంపర లేచి మనిషి కనబడడు, అందుకని ఆ పేరు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. పరాయివాడైతే ఒక వంతు కోపంతో పోయేది.

మంగళవారం

జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా చేను గేటు దగ్గర మెరక, ఆ చివర పల్లం. మెరక ముందు పండుతుంది. పల్లంలో తడి ఆరదు, అక్కడి కంకి ఎప్పుడూ నిద్ర లేవడం ఆలస్యం. ఈసారి పల్లంలో కలుపు కూడా నడుం ఎత్తు లేచింది. ఆకాశం చూస్తే మొహం మాడ్చుకుని ఉంది. కోత మిషను మా వరసకు వచ్చే రోజు ఖాయమైపోయింది. ఆ రోజు తప్పితే అందరి చేలూ అయ్యాకే మాకు. మందు కొడితే పచ్చిదీ పండిందీ కలుపూ అన్నీ ఒక్కసారే ఎండుతాయి, మిషను సాఫీగా పోతుంది అన్నాడు కొడుకు.

నేను మందుకు విరోధిని కాను. ముందు ముందు ఎవరైనా అలా అంటే ఈ మాట చదివి వినిపించాలి. గింజ గట్టిపడ్డాక కొడితే గడ్డి చస్తుంది, గింజ దారి గింజది. గింజ ఇంకా తల్లి దగ్గర పాలు తాగుతుండగా కొడితే తల్లి చస్తుంది, బిడ్డ ముడుచుకుపోతుంది, ఆ మందు పాలతోపాటే బిడ్డ కడుపులోకి దిగుతుంది. ఇంతే తేడా. ఈ తేడా పంటి కింద తెలుస్తుంది. మెత్తగా అణిగితే ఆగాలి. పటుక్కుమని విరిగితే దిగొచ్చు. మా చుట్టుపక్కల మందు కొట్టేవాడైనా మిషనువాడైనా చేలో దిగేముందు నా దగ్గరికి కంకులు తెస్తాడు. నేను కొరికి చెబుతాను. నా పేరు అలా వచ్చిందే.

మబ్బు కూడా తెచ్చాడు. కొరికాను. పటుక్కుమంది. కొట్టుకో అన్నాను. అవి మెరక కంకులు. పల్లం కంకులు వాడు తేలేదు.

కోడలు ఇక్కడ దగ్గింది. రాయమన్నాను.

బుధవారం

గింజ సంగతి.

మిషను పోసినప్పుడే నాకు తేడాగా ఉంది. గోధుమ రాశిలో చెయ్యి పెడితే జారిపోవాలి. ఇది గరగరమని చేతికి అంటుకుంటోంది. సగానికి సగం ముడుచుకుపోయిన గింజ, నానబెట్టిన వేలి చర్మంలాగా. రంగు చూస్తే కడగని గిన్నె రంగు. డబ్బా నిండా పోసి తూచితే ఏటా తూగే తూకం తూగలేదు. డబ్బా అదే, పోసిన చెయ్యీ అదే.

మిల్లువాడు కొంచెం ఆడించి చూశాడు. పిండి కంటే తవుడే ఎక్కువ ఉంది, పైగా గింజలో మందు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని పరీక్షలో తేలింది, మనుషులు తినడానికి తీసుకోలేనని తిప్పి పంపాడు. ఎప్పుడూ నా గోధుమ కోసం ముందే మనిషిని పంపేవాడు ఈసారి మనిషితోనే వెనక్కి పంపాడు.

అది పోతే పోయింది. నా ఏడుపు విత్తనం గురించి. మా అత్తగారి కాలం నుంచీ మా గాదెలో గింజ మా చేలోదే. పోయినసారి విత్తగా మిగిలింది అందరికీ పంచేశాను, కొత్తది వస్తోంది కదా అన్న ధీమాతో. వాళ్ళు పండినదంతా మిల్లుకే పోస్తారు, విత్తనం దాచేది నేనొక్కదాన్నే. ఇప్పుడు వచ్చిన కొత్తది ఇదీ. తడిగుడ్డలో మూట కట్టి పొయ్యి పక్కన పెట్టాను. కొన్ని అసలు కళ్ళే తెరవలేదు. తెరిచిన వాటికి పైన మొలక ఇంత వచ్చింది గానీ కింద వేరు సూదిమొనంత వచ్చి ఆగిపోయింది. వేరు లేనిది నేలను ఏం పట్టుకుంటుంది?

గురువారం

మూట మళ్ళీ విప్పి చూశాను. అలాగే ఉంది.

శుక్రవారం

ఇవాళ కోడలు విసుక్కుంది. అత్తయ్యా, పళ్ళు పెట్టుకుని చెప్పండి, సగం మాటలు గాలిలో పోతున్నాయి అంది. పెట్టుకుంటే టకటకమంటాయి, నా మాట నాకే వినబడదు. పోయిన చలికాలంలో కొడుకు పట్టణం తీసుకెళ్ళి కట్టించాడు. మిగిలిన మూడు సొంత పళ్ళూ పీకించి మరీ కట్టించాడు. అద్దంలో చూసుకుంటే ఎవరో ఉద్యోగస్తురాలు నా మొహంలోంచి నవ్వుతున్నట్టు ఉంది. తినేటప్పుడూ, నలుగురూ వచ్చినప్పుడూ పెట్టుకుంటాను. తతిమ్మా వేళ గ్లాసులో ఉంటాయి.

ఈ సంగతి ఫిర్యాదులోది కాదు. రాయక్కర్లేదు అంటే కోడలు అప్పటికే రాసేసింది.

శనివారం

తోటికోడలు వచ్చింది. మా మరిది భార్య. ఏటా ఈ రోజుల్లో విత్తనానికి వస్తుంది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది గానీ నాకు కనపడనివ్వలేదు. సంగతి ఊరంతా తెలిసిందన్నమాట.

కాసేపు కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. పిల్లిని ముద్దు చేసింది. దానికి పిల్లులంటే పడదు. చివరికి నేనే అన్నాను, అడుగు, అడగడానికే కదా వచ్చావు అని.

"ఏం అడగను అక్కా, గాదె నిండా ఉందిగా, గింజే లేదు గానీ."

దాని నాలుకకు నరం లేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అంతే. తప్పంతా మబ్బుదేనని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. విన్నది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, వాడి నోటి నుంచి కూడా వింటే బాగుంటుంది కదా అక్కా అంది. నేను వినాల్సిన అవసరం ఏముంది, అక్కడ ఉన్నదాన్ని నేనైతే.

సోమవారం

మబ్బు వచ్చాడు. చెప్పులు విప్పాడు గానీ గుమ్మం దాటలేదు. దాటమని నేనూ అనలేదు. కోడలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎవరు ఇమ్మన్నారని అడిగితే ఎవరూ అనలేదంది.

వాడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి అన్నాడు. "అత్తా, కుడి చేతిలోవి మెరకవి, ఎడమ చేతిలోవి పల్లానివి. రెండూ ఇచ్చాను. రెండూ కొరికావు."

"నువ్వు ఇచ్చింది ఒక్క గుప్పెడు."

"రెండు."

"నీకు కళ్ళున్నాయి కదరా. పల్లంలో పచ్చగా ఉందో పండిందో కనబడలేదూ? వేలికి గోరుంది. గింజ నొక్కితే పాలు వస్తాయో, పిండి కడుతుందో చూసుకోలేవూ?"

"చూశాను. కొంచెం అనుమానంగానే ఉండింది. నీ పన్ను పటుక్కుమన్నాక నా గోరెంత అనుకున్నాను."

పంపు పోతే నేనేం చేసుకు బతకను అత్తా అని అడిగాడు. ముందు మబ్బు అనే పేరు తీసేసి ఎండ అని పెట్టుకో, తరవాత చూద్దువు గాని అన్నాను. వాడు నవ్వాడు. వెధవ, అలాంటప్పుడు నవ్వకూడదు. చిన్నప్పుడు చెంప మీద కొడితే కూడా అలాగే నవ్వేవాడు.

ఒక్క గుప్పెడే. నాకు బాగా గుర్తుంది.

మంగళవారం

కొడుకు ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటాడు. ఇంటి మనిషిని వీధిలో పెట్టుకోవడం ఎందుకమ్మా అంటాడు. మందు కొట్టిద్దామని తొందరపడ్డ పెద్దమనిషి ఎవరో గుర్తుందా అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క గుప్పెడే ఇచ్చాడు. కోడలా, ఇది మళ్ళీ రాయి.

బుధవారం

పొద్దున పాలలో రొట్టె నానబెట్టుకున్నాను. బాగా నానింది, వేళ్ళతో ఎత్తితే జారిపోయేంత. నోట్లో పెట్టుకుని కొరికాను.

పటుక్కుమంది.

పిల్లి తల తిప్పి చూసింది.

గురువారం

ఇవాళ చెప్పేదేమీ లేదు.

శుక్రవారం

చెప్పేది ఉంది. ఇది సంఘం కోసం కాదు.

నిన్నంతా కొరుకుతూ కూర్చున్నాను. నానిన రొట్టె పటుక్కుమంది. ఉడికిన గోధుమ పటుక్కుమంది. అరటిపండు పటుక్కుమంది. చివరికి నోట్లో ఏమీ లేకుండా దవడలు మూశాను. అప్పుడూ పటుక్కుమంది. పై వరస కింది వరసను తాకే చప్పుడు అది. గింజది కాదు. సొంత పళ్ళున్నప్పుడు గింజ ఎంత లొంగుతోందో, ఎక్కడ ఆగుతోందో చిగుళ్ళదాకా తెలిసేది. ఈ కట్టుడు పళ్ళకు కింద ఏమీ లేదు. వాటికి మెత్తదీ గట్టిదీ ఒకటే. నేను చప్పుడు విని తీర్పు చెప్పాను.

కోడలిని అడిగాను, నీకు ముందే తెలుసా అని.

"పళ్ళ సంగతి తెలియదు అత్తయ్యా. మీరు కంకులు కొరికిన రోజు మెట్ల మీద పొట్టు ఊడ్చింది నేనే. సగం పొట్టు పచ్చగా ఉంది."

అంటే రెండు గుప్పెళ్ళు. అంటే ఆ ఎడమ చేతిది పల్లానిదే.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, దగ్గాను కదా అంది.

అయినా మబ్బుకు గోరుంది. కొడుకుకు కళ్ళున్నాయి. చేను నేనొక్కదాన్నే చూడాలా? నా మోకాళ్ళు పల్లందాకా పోనిస్తే నేనే దిగి చూసేదాన్ని. ఆదివారం మబ్బు ఎలాగూ రెండు గుప్పెళ్ళని చెబుతాడు. చెప్పనీ. వాడు చెబితే అప్పుడు చూద్దాం. వాడు నిరూపించుకోవాలి, నేను కాదు.

ఇది రాశాక కోడలు కలం కింద పెట్టి నా మొహం చూసింది. పనేం లేదా అన్నాను.

శనివారం

కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. గాదె దగ్గరికి పోయాను, వచ్చాను. గాదె తలుపు తెరిచాను, మూశాను. ఏం వెతుకుతున్నారు అంది కోడలు. పిల్లిని అన్నాను. పిల్లి తన ఒళ్ళోనే ఉంది.

కొన్ని గోధుమలు నీళ్ళలో నానబెట్టాను. కోళ్ళకు. మాకు కోళ్ళు లేవు, పక్కింటివాళ్ళకున్నాయి.

ఆదివారం, ఇంటికి వచ్చాక

మొత్తం చెబుతాను. నేను ఆగమనేదాకా కోడలు రాస్తూనే ఉండాలి.

సంఘం గది నిండిపోయింది. ఇనుప కుర్చీలు చాలక కొందరు బస్తాల మీద కూర్చున్నారు. బల్ల మీద మా గోధుమ పళ్ళెంలో పోసి ఉంది, పక్కన మంచి గోధుమ ఇంకో పళ్ళెంలో. పక్కపక్కన చూస్తే నాకే సిగ్గేసింది. నేను పళ్ళు పెట్టుకునే వెళ్ళాను. కొంగు ముడిలో నానిన గోధుమలున్నాయి. కోళ్ళకు పోయడం మరిచిపోయాను.

మీరే చెబుతారా, మమ్మల్ని చదవమంటారా అని సంఘం పెద్ద అడిగాడు. నేనే చెబుతానని లేవబోతుంటే మబ్బు నాకంటే ముందు లేచాడు. పంపు తెచ్చి బల్ల ముందు పెట్టాడు. కడిగి తుడిచి, గొట్టం చుట్టి, కొత్తదానిలా తెచ్చాడు.

"వాదన ఎందుకు లెండి," అన్నాడు. "తప్పు నాది. పల్లం కంకులు అత్తకు చూపించలేదు. మెరకవే తెచ్చి అడిగాను. పంపు తీసుకోండి."

రెండు వారాలుగా నేను రాయిస్తున్న మాట అదే. ఒక్క ముక్క పొల్లు పోలేదు. నా అబద్ధం వాడి నోటి నుంచి నాకు వినబడింది. సంఘం పెద్ద అయితే సరే అన్నట్టు తల ఊపాడు. కొడుకు హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. మబ్బు మాత్రం నా వైపు చూడలేదు. పళ్ళు లేని వాళ్ళకు అన్నం మెత్తగా పిసికి పెడతారే, అలా పెట్టాడు ఆ మాట నా ముందు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మీద వాడు జాలిపడటమా? ముక్కు కారుతుంటే నా కొంగుతో తుడిపించుకున్నవాడు?

"కూర్చోరా," అన్నాను. "తప్పులు తక్కువై అప్పు తెచ్చుకుంటున్నావా? అది నాది. నా తప్పు నాకిచ్చెయ్."

మబ్బు, వద్దు అత్తా అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. అందరికీ వినబడేలా చెప్పాను, వాడు రెండు గుప్పెళ్ళు తెచ్చాడు, ఎడమ చేతివి పల్లానివి, రెండూ నేనే కొరికాను, రెండూ పండాయని నేనే అన్నాను అని. సంఘం పెద్ద నమ్మలేదు. నీ పన్ను ఏనాడైనా తప్పిందా అమ్మా అన్నాడు. గౌరవంగానే అన్నాడు పాపం.

అప్పుడు కొంగు ముడి విప్పాను. కళ్ళు మూసుకుంటాను, ఈ నానినదో, ఆ పళ్ళెంలోని ఎండుదో, మీకు తోచింది నా చేతిలో పెట్టండి అన్నాను. తోటికోడలే లేచి వచ్చి పెట్టింది. కొరికాను. పటుక్కుమంది. ఎండుది అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకోటి పెట్టింది. పటుక్కు. ఎండుది. ఇంకోటి. పటుక్కు. కళ్ళు తెరిచి చూస్తే అన్నీ నానినవే పెట్టింది. దాని నాలుకకే కాదు, చేతికీ నరం లేదు.

పళ్ళు తీసి బల్ల మీద, పాడైన గోధుమ పళ్ళెం పక్కన పెట్టాను. ఉత్త చిగుళ్ళతో మళ్ళీ మొదలుపెట్టమన్నాను. నానింది అణిగింది. ఎండుది గుచ్చుకుంది. అన్నీ సరిగ్గా చెప్పాను. చిగురు చిట్లి కాస్త రక్తం కూడా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పళ్ళు లేకుండా మాట్లాడినా ఆ గదిలో ఎవరికీ నా మాట అర్థం కాకుండా పోలేదు.

అలాగని ఒక్కదాన్నే మోయడానికి నేను గాడిదను కాను. మబ్బును అడిగాను, గోటికి అనుమానం వచ్చినప్పుడు నోరెందుకు మూసుకున్నావని. నా కొడుకును అడిగాను, మిషను రోజు నీకు గింజ కంటే ముఖ్యమైందా అని. సంఘం పెద్దను అడిగాను, ఇన్ని చేలు ఒక్క ముసలిదాని నోటి మీద వదిలేసి మీరంతా ఏం నములుతున్నారని. ఇక నుంచి మందు కొట్టేముందు పల్లానికి దిగి కంకి కోయాలి, మెరకది కాదు. కొట్టేవాడు గోటితో నొక్కాలి, చేనుగలవాడు తన పంటితో కొరకాలి. ఇద్దరిలో ఒకరు మెత్తగా ఉందన్నా ఆగాలి. ఆ తరవాత కావాలంటే నా దగ్గరికి రండి, చిగురుంది.

సంఘం పెద్ద దాన్ని రాయించాడు. పంపు మబ్బు దగ్గరే ఉంటుంది. వాడు దాన్ని వీపున వేసుకుంటుంటే పట్టీ మెలిపడింది. నేనే సరిచేశాను. వాడు నవ్వాడు. ఈసారి నవ్వితే నవ్వాడు.

గోధుమ ఎవరూ తినరు. విత్తనానికీ పనికిరాదు. మా అత్తగారి నాటి గింజ నా నోట్లో ఆగిపోయిందనుకుంటూ మా ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి తోటికోడలు అక్కడ నిలబడి ఉంది. చంకలో సంచి. ఈసారి ఖాళీ కాదు. పోయిన ఏడు నా దగ్గర తీసుకున్నదాంట్లో కొంచెం వెయ్యకుండా దాచిందట. నీ మీద నమ్మకం లేక కాదు అక్కా, వాన మీద లేక అంది. అబద్ధం. నా మీద లేకే. దాచబట్టి విత్తనం బతికింది.

ఇన్నేళ్ళూ పోసిన చెయ్యి ఇవాళ పట్టింది. కొంగు పట్టాను, అది పోసింది. చెయ్యి పెడితే జారిపోయింది. ఒకటి తీసి చిగుళ్ళ మధ్య పెట్టుకున్నాను. గుచ్చుకుంది.

ఇక ఆగు కోడలా. చదివి వినిపించు.

విన్నాను. మొదటి మంగళవారం నాడు పల్లం కంకులు తేలేదని రాయించింది అబద్ధం. కొట్టేయకు, ఉండనీ. నేను ఎలా మాట్లాడతానో నాకు గుర్తుండాలి.

పటుక్కమ్మ అనే నా ఎడమ బొటనవేలి ముద్ర ఇది. ముద్ర పక్కన మరక సిరా కాదు, చిగురుది.

చూసినవాళ్ళు:
కోడలు, రాసినది, ఈసారి దగ్గలేదు.
తోటికోడలు, విత్తనం పోసినది.
మబ్బు, గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చున్నాడు.
పళ్ళ సెట్టు గ్లాసులోంచి చూస్తోంది. దాని సాక్ష్యం ఇకమీదట చెల్లదు.